సున్నాలు రాలినా ముఖాలు మారని నోట్లు

పాత ఇజ్రాయెల్ నోట్లు కూడబెట్టేవాళ్ళలో చాలామంది ముందుగా వెతికేది 1948 నాటి ఆంగ్లో–పాలస్తీనా బ్యాంకు నోట్ల కోసం. ఆ తర్వాత ఐన్‌స్టీన్ బొమ్మ ఉన్న అయిదు లీరాల నోటు కావాలంటారు. ఈ రెండూ చేతికి వచ్చాక, స్తోమత ఉన్నవారు బ్రిటిష్ మాండేట్, అంటే పాలస్తీనాను బ్రిటన్ పాలించిన కాలపు పాలస్తీనా పౌండ్ల మీద దృష్టి పెడతారు. లేనివారు సేకరణ పూర్తయినట్టేనని ఆల్బమ్ మూసేస్తారు. ఈ పద్ధతితో నాకు పేచీ ఉంది. ఇజ్రాయెల్ నోట్లలో మనసు పెట్టి చూడవలసినవి, వ్యాపారులు ‘చిల్లర సరుకు’ కింద కట్టగట్టి అమ్మే 1973–1986 మధ్యకాలపు నోట్లేనని, వాటిలోనూ ఒకే బొమ్మతో రెండు వేర్వేరు విలువలకు అచ్చయిన ఏడు జతలే ఆ సేకరణకు ప్రాణమని నా వాదన. కొత్తగా మొదలుపెట్టేవారు అక్కడినుంచే మొదలుపెట్టాలి. అదీ నలిగిన నోట్లతోనే మొదలుపెట్టినా తప్పు లేదు.

ఆ జతలేమిటో ముందు చెప్పుకుందాం. ఇజ్రాయెల్ డబ్బు 1952 నుంచి లీరా; 1980లో పది లీరాలు ఒక షెకెల్, 1985లో వెయ్యి షెకెల్‌లు ఒక కొత్త షెకెల్ అయ్యాయి. 1973 సంవత్సరం వేసిన పది లీరాల నోటు మీద బ్రిటిష్ యూదు దాత మోజెస్ మాంటిఫియోరీ ఉంటాడు. 1978 సంవత్సరం వేసిన ఒక షెకెల్ నోటు మీదా ఆయనే ఉంటాడు. అదే వరుసలో యాభై లీరాల మీది తొలి అధ్యక్షుడు హయీమ్ వైజ్‌మన్ అయిదు షెకెల్‌ల మీదికి, వంద లీరాల మీది యూదు దేశ ఉద్యమ నాయకుడు థియొడోర్ హెర్జ్‌ల్ పది షెకెల్‌ల మీదికి, అయిదు వందల లీరాల మీది తొలి ప్రధాని డేవిడ్ బెన్ గురియన్ యాభై షెకెల్‌ల మీదికి దిగివచ్చారు. 1985లో ఇదే తంతు ఈసారి మూడు సున్నాలతో జరిగింది. వెయ్యి షెకెల్‌ల మీది మధ్యయుగపు యూదు తత్వవేత్త మైమోనిడీస్ ఒక కొత్త షెకెల్ మీదికి, అయిదు వేల మీది మరో ప్రధాని లెవీ ఎష్కోల్ అయిదు మీదికి, పది వేల మీది, ఆయన తర్వాత ప్రధాని అయిన గోల్డా మేయిర్ పది మీదికి వచ్చారు. మొత్తం పద్నాలుగు కాగితాలు. నోటు స్థితికి అంకె వేసే గ్రేడింగ్ సంస్థల ప్లాస్టిక్ తొడుగుల్లో బిగించినవి కాకుండా మామూలు నోట్లయితే, వీటిలో చాలావాటికి ఒక్కొక్కదానికి కొన్ని వందల రూపాయలు చాలు.

1948 నోట్లను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. వాటి కథ నిజంగానే అసాధారణమైనది. బ్రిటిష్ పాలన ముగియబోతున్నదని తెలిసినప్పుడు ఆంగ్లో–పాలస్తీనా బ్యాంకు అధిపతి ఎలియెజర్ హూఫియన్ న్యూయార్కులోని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీతో నోట్ల ముద్రణకు రహస్యంగా ఒప్పందం కుదుర్చుకున్నాడు. పుట్టబోయే దేశానికి ఏ పేరు పెడతారో, దాని డబ్బును ఏమని పిలుస్తారో అప్పటికి ఎవరికీ తెలియదు కనుక నోటు మీద బ్యాంకు పేరే వేశారు, విలువను పాలస్తీనా పౌండ్లలోనే రాశారు. ఇంకా పుట్టని దేశం కోసం నోట్లు అచ్చువేస్తున్నట్టు కనబడకుండా ముద్రణ సంస్థ తన పేరు కూడా వేసుకోలేదు. కొత్త నమూనాలు చెక్కించే వ్యవధి లేక, అప్పటికే తమ దగ్గర సిద్ధంగా ఉన్న అల్లిక గీతల చట్రాలనే వాడారు. మే నెలలో దేశం ఏర్పడింది. ఆగస్టులో నోట్లు చెలామణిలోకి వచ్చాయి. ఆ బ్యాంకు పేరు బ్యాంక్ లెయూమీగా మారిన తర్వాత, 1952లో అవే చట్రాల మీద కొత్త పేరుతో, ఇజ్రాయెలీ లీరాలలో మరో విడత విడుదల చేశారు. పాత నోట్లు ఇచ్చి కొత్తవి తీసుకోవడానికి వచ్చిన జనం దగ్గర పదో వంతును ప్రభుత్వం నిర్బంధ రుణంగా పట్టుకుంది.

ఇంత కథ ఉన్నా, ఆ నోటును బల్ల మీద పెట్టి ఎంతసేపు చూసినా కంటికి కనబడేది అల్లిక గీతలు, అంకెలు, బ్యాంకు పేరు మాత్రమే. కథ అంతా నోటు బయట, పుస్తకాల్లో ఉంది. పైగా మంచి స్థితిలో ఉన్నది కొనాలంటే మనలాంటివారికి నెలల జీతం కావాలి. అంత పెట్టి కొన్నాక అది ఉతికిందా, ఇస్త్రీ చేసిందా, అంచులు కత్తిరించిందా అనే అనుమానం పీడిస్తూనే ఉంటుంది. నేను చెప్పే జతల విషయంలో అలా కాదు. మాంటిఫియోరీ పది లీరాల నోటునూ ఒక షెకెల్ నోటునూ పక్కపక్కన పెడితే, హీబ్రూ అక్షరం ఒక్కటీ రానివారికి కూడా జరిగిందేమిటో అర్థమైపోతుంది. అదే ముసలి ముఖం, వెనుక జెరూసలెం గోడల బయట ఆయన సాయంతో వెలసిన మిష్కెనోత్ షాననిమ్ పేట, అక్కడి గాలిమర. తిప్పి చూస్తే రెండింటికీ అదే జెరూసలెం యాఫో ద్వారం. మారినవి అంకె, డబ్బు పేరు, సంవత్సరం, గవర్నరు సంతకం. మోషే సన్బార్ స్థానంలో ఆర్నోన్ గాఫ్నీ వచ్చాడు. మిగతాదంతా ఉన్నచోటే ఉంది.

బ్యాంక్ ఆఫ్ ఇజ్రాయెల్ 1954 డిసెంబరులో పని మొదలుపెట్టింది. అది విడుదల చేసిన తొలి రెండు వరుసలను గురించి ఇక్కడ క్లుప్తంగా చెబితే చాలు. 1955 వరుసలో మనుషులే లేరు. గలిలీ కొండలు, నెగెవ్ ఎడారి, జెరూసలెం దారి వంటి దృశ్యాలు ఉన్నాయి. 1958 తర్వాతి వరుసలో మనుషులు ఉన్నారు కానీ వారికి పేర్లు లేవు: చేపలవాడు, కార్మికుడు, ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు, నారింజపళ్ళు పట్టుకున్న యువతి. వెనుకవైపు ప్రాచీన సినగాగుల (యూదుల ప్రార్థనాలయాల) మొజాయిక్ నేలలు, మృత సముద్రపు చుట్టలు (ప్రాచీన హీబ్రూ రాతప్రతులు), గర్జించే సింహం ఉన్న ప్రాచీన ముద్రిక. చూడముచ్చటైన వరుస అది, అందులో నాకు పేచీ లేదు. ఒకే నోటుకు క్రమసంఖ్య నల్లరంగులో ఒకసారి, ఎర్రరంగులో ఒకసారి, గోధుమరంగులో ఒకసారి అచ్చయింది కనుక, కేటలాగు పట్టుకుని గళ్ళు నింపేవారికి ఆ వరుస ఒక్కటే కొన్నేళ్ళ పని కల్పిస్తుంది. అంకెల రంగు వెనుక పడి అంకెల విలువను మరిచిపోవడం ఈ అభిరుచిలో తరచూ జరిగే పనే.

పేరున్న మనుషులు 1968 వరుసతో వచ్చారు. ఐన్‌స్టీన్, హీబ్రూ కవి బియాలిక్, వైజ్‌మన్, హెర్జ్‌ల్. ఐన్‌స్టీన్ నోటు వెనుక నహల్ సోరెక్ పరిశోధనా రియాక్టరు బొమ్మ ఉంటుంది. ఆ ముందువెనుకల పొంతన గురించి ఎవరి అభిప్రాయం వారిది. నా కంప్లయింటల్లా బజారు మీదే. ఆ నోటును కొనేవారిలో సగంమందికి ఇజ్రాయెల్‌తో గాని, డబ్బు చరిత్రతో గాని పని ఉండదు; గోడకు ఫోటో తగిలించుకున్నట్టు ఐన్‌స్టీన్‌ను కొంటారు. దానివల్ల ధర పెరిగి, దాన్ని తన వరుసలో పెట్టి చూడాలనుకునేవాడికి అది బరువవుతుంది. వరుస కోసమే అయితే ఐన్‌స్టీన్ లేకపోయినా నష్టం లేదు. 1973 సంవత్సరం వేసిన అయిదు లీరాల మీద ఆయన స్థానంలోకి హదస్సా మహిళా సంఘాన్ని స్థాపించిన హెన్రియెట్టా సోల్డ్ వచ్చింది. ఆ తర్వాత ఆమెకూ జత లేదు, ఎందుకంటే పది లీరాలు ఒక షెకెల్ అయినప్పుడు ఆమె నోటు విలువ అర షెకెల్‌కు పడిపోయింది, అర షెకెల్‌కు కాగితం అచ్చువేయలేదు.

ఐన్‌స్టీన్ నోటు మీద 1968 అని ఉంటుంది కానీ అది జనం చేతికి వచ్చింది 1972లో. ఈ తేడాను ముద్రణాలయపు ఆలస్యంగా కొట్టిపారేయవచ్చు. షెకెల్ నోట్ల విషయంలో మాత్రం అలా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఒకటి, అయిదు, పది, యాభై షెకెల్‌ల నోట్ల మీద 1978 అని, దాని పక్కన హీబ్రూ సంవత్సరం అని రెండూ ఉంటాయి. ఆ సంవత్సరం ఇజ్రాయెల్‌లో షెకెల్ అనే డబ్బు లేదు. 1979లోనూ లేదు. దేశపు డబ్బుకు షెకెల్ అని పేరు పెట్టాలన్న చట్టాన్ని పార్లమెంటు 1969లోనే చేసి, ఎప్పుడు అమలుచేయాలో ప్రభుత్వానికి వదిలిపెట్టింది; దాన్ని అలాగే మూలన పెట్టారు. ద్రవ్యోల్బణం పెరిగాక కేంద్ర బ్యాంకు నోట్లను గుట్టుగా అచ్చువేయించి దాచింది. 1980 ఫిబ్రవరి 24న పది లీరాలు ఒక షెకెల్ అయ్యాయి. ఆ నోటు పుట్టి రెండేళ్ళు చీకట్లో కూర్చుందన్న సంగతి దాని ముఖం మీదే అచ్చయి ఉంది. 1948 నోటు తన రహస్యాన్ని దాచుకుంటే, 1978 నోటు తన రహస్యాన్ని తానే బయటపెడుతుంది. అందుకే నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.

బొమ్మలను ఎందుకు మార్చలేదు? గుట్టు బయటపడకుండా పని త్వరగా జరగాలన్నది ఒక కారణం కావచ్చు. అంతకంటే ముఖ్యమైనది, నా ఉద్దేశంలో, జనానికి లెక్క సులభం చేయడం. నిన్నటిదాకా వంద లీరాలుగా చెల్లిన హెర్జ్‌ల్ ఇవాళ పది షెకెల్‌లుగా చెల్లుతాడు. రెండు నోట్లూ ఒకే గల్లాపెట్టెలో పక్కపక్కన పడివున్నా, అమ్మకందారుకు ముఖం చూడగానే ఎంత ఇవ్వాలో తెలుస్తుంది. ముఖమే మారకపు పట్టికగా పనిచేసింది. మన దగ్గర 1957లో నయా పైసలు వచ్చాక కూడా ఇరవై అయిదు పైసలను పావలా అని, యాభైని ఎనిమిదణాలు అని తరాల తరబడి పిలిచాం. పాత లెక్క మాటల్లో బతికింది. అక్కడ పాత లెక్కను బొమ్మలో బతికించారు.

కానీ ధరలు ఆ సర్దుబాటును లెక్కచేయలేదు. 1980లోనే ద్రవ్యోల్బణం నూట ముప్పై శాతం దాటింది. 1980 చివరలో వంద షెకెల్‌ల జబొటిన్‌స్కీ, 1982లో అయిదు వందల బారన్ ఎడ్మండ్ ద రోత్‌చైల్డ్, 1983లో వెయ్యి షెకెల్‌ల మైమోనిడీస్, 1984లో అయిదు వేల ఎష్కోల్, అదే ఏడు చివరలో పది వేల గోల్డా మేయిర్. 1984లో ధరలు సుమారు 445 శాతం పెరిగాయి. ఈ అయిదు నోట్లను విడుదలైన క్రమంలో పేర్చి చూస్తే ఆ నాలుగేళ్ళలో జరిగినదంతా కనిపిస్తుంది. ఇందులో ఒక పక్క కథ కూడా ఉంది. జబొటిన్‌స్కీ బెన్ గురియన్‌కు రాజకీయ ప్రత్యర్థి; 1940లో న్యూయార్కు రాష్ట్రంలో చనిపోయాడు. ఆయన అవశేషాలను దేశానికి తేవడానికి బెన్ గురియన్ ఏనాడూ ఒప్పుకోలేదు. ఎష్కోల్ ప్రధాని అయ్యాక, 1964లో తెప్పించి హెర్జ్‌ల్ కొండ మీద పూడ్చిపెట్టించాడు. ఆ ముగ్గురూ ఈ నోట్ల మీద ఉన్నారు, వారితోపాటు ఆ కొండకు పేరిచ్చిన నాలుగో మనిషి కూడా. రాజకీయాల్లో పొసగనివారు ఒకే గల్లాపెట్టెలో సర్దుకున్నారన్నమాట.

1985 జులైలో షిమోన్ పెరెస్ ప్రభుత్వం ఖర్చులు తగ్గించి, ధరలను, జీతాలను, మారకపు రేటును ఒకేసారి బిగించింది. సెప్టెంబరు 4న వెయ్యి షెకెల్‌లు ఒక కొత్త షెకెల్ అయ్యాయి. మరుసటి ఏడాదికి ద్రవ్యోల్బణం ఇరవై శాతం దరిదాపులకు దిగింది. అప్పుడు మళ్ళీ పాత ముఖాలే అక్కరకు వచ్చాయి. ఎష్కోల్ నోటు వెనుక లావుపాటి నీటి గొట్టం, దానికి అటూ ఇటూ బీడు భూమి, పచ్చని పొలం ఉంటాయి; ఉత్తరం నుంచి దక్షిణానికి నీరు తరలించే పథకంతో ఆయనకున్న సంబంధానికి గుర్తు అది. గోల్డా మేయిర్ నోటు వెనుక, 1948లో ఆమె రాయబారిగా మాస్కో వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద సినగాగు ముందు ఆమెను చుట్టుముట్టిన జనసమూహం ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ గుంపులో టోపీలు, కళ్ళజోళ్ళు, ఎవరివో భుజాల మీదుగా సాగిన మెడలు విడివిడిగా కనబడతాయి. పది వేల నోటు మీద ఉన్న జనమే పది నోటు మీదా ఉన్నారు, ఒక్కరూ తగ్గలేదు. మూడు సున్నాలు మాత్రం పోయాయి.

లెక్కను మొదటినుంచి చివరిదాకా కలిపి చూస్తేగాని అసలు విషయం తగలదు. పది లీరాలు ఒక షెకెల్, వెయ్యి షెకెల్‌లు ఒక కొత్త షెకెల్. కనుక పది వేల లీరాలు ఒక కొత్త షెకెల్. 1968 సంవత్సరం వేసిన వంద లీరాల హెర్జ్‌ల్ అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద నోటు. 1985 లెక్క ప్రకారం అది ఒక అగోరా, అంటే కొత్త షెకెల్‌లో నూరో వంతు, ఉన్న నాణేలలోకెల్లా చిన్నది. ఆ ఒక్క అగోరా నాణేన్ని కూడా 1991లో చెలామణి నుంచి తీసేశారు. 1948లో పాలస్తీనా పౌండు ఒక స్టెర్లింగ్ పౌండుతో సమానం. ఆ వరుసలోని అతిపెద్దదైన యాభై పౌండ్ల నోటు ఈ లెక్కలో అర అగోరా. వేలంపాటల్లో ఆ యాభై పౌండ్ల నోటుకు ఎంత పలుకుతుందో చూసి నోరెళ్ళబెట్టేవారికి ఈ అర అగోరా సంగతి తెలియదు, తెలిసినా పట్టదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. ద్రవ్యోల్బణపు నోట్లే కావాలంటే 1923 నాటి జర్మనీ ఉంది, 1946 నాటి హంగరీ ఉంది, మొన్నటి జింబాబ్వే ఉంది. వాటి సున్నాల ముందు ఇజ్రాయెల్ ఏపాటి? ఒకే నమూనా రెండు విలువలకు వాడడమే కావాలంటే, బ్రెజిల్ పాత నోట్ల మీద కొత్త విలువ ముద్ర కొట్టి ఒకటికి రెండుసార్లు చెలామణి చేసింది. టర్కీ 2005లో ఆరు సున్నాలు తీసేసి దాదాపు అవే నమూనాలతో కొత్త లీరా తెచ్చింది. నిజమే. జర్మనీ, హంగరీ నోట్లలో ఉన్నది ఉప్పెన. దాన్ని చూసి ఆశ్చర్యపోతాం, అంతకుమించి అందులో వెతుక్కునేది తక్కువ. టర్కీ నోట్లన్నిటి మీదా అటాటుర్క్ ఒక్కడే, అందుకని ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి జారారో ముఖం చూసి చెప్పలేం. బ్రెజిల్ ముద్ర కొట్టిన నోటు మీద పాత విలువా కొత్త విలువా ఒకే కాగితం మీద ఉంటాయి. దానికి జత అవసరం లేదు, పోల్చి చూసే పని మనకు మిగలదు. ఇజ్రాయెల్‌లో వేర్వేరు విలువలకు వేర్వేరు వ్యక్తులు ఉండడం, అయిదేళ్ళ తేడాలో రెండుసార్లు వారిని దింపడం, ప్రతిసారీ కొత్తగా అచ్చువేయడం, ఈ మూడూ కలిసి వచ్చాయి. ఇంత శుభ్రంగా చదువుకోగలిగిన ఉదాహరణ నాకు వేరే దేశంలో తగల్లేదు.

రెండో అభ్యంతరం వ్యాపారులది. హైదరాబాదులో నాణేల ప్రదర్శనలో ఒక పెద్దమనిషి నా చేతిలో ఉన్న నలిగిన బెన్ గురియన్ నోటు చూసి, “బాబూ, ఇవి కొనడం దండగ, పెరగవు. కొంటే అన్‌సర్క్యులేటెడ్ కొను, లేకపోతే డబ్బు బ్యాంకులో వేసుకో” అన్నాడు. ఆయన లెక్క ఆయనకు సరైనదే. ఈ నోట్లు లక్షల్లో అచ్చయ్యాయి, కట్టలకు కట్టలు మిగిలాయి. వీటి ధర పెరుగుతుందని ఎవరికీ మాట ఇవ్వలేను. అయితే ఆయన సలహాలో రెండో సగం, మడత పడని నోటే కొనాలన్నది, ఈ నోట్ల విషయంలో పూర్తిగా తలకిందులు. చెలామణిలో తిరగని నోటు అంటే కట్టలో ఉండిపోయిన నోటు. ద్రవ్యోల్బణం గురించి అది సాక్ష్యం చెప్పలేదు, ఎందుకంటే దానితో ఎవరూ ఏదీ కొనలేదు.

ఆ పెద్దమనిషి దండగన్న నోటునే చూద్దాం. అయిదు వందల లీరాలది, 1975 సంవత్సరం వేసినది. నిలువునా మూడు మడతలు, అడ్డంగా ఒకటి; అడ్డమడతా మధ్యమడతా కలిసేచోట సూదిమొనంత రంధ్రం. జలచిహ్నం ఉండవలసిన తెల్లభాగంలో బాల్‌పెన్నుతో నాలుగు అంకెలు ఒకదాని కింద ఒకటి రాసి, గీత కొట్టి, కూడిక వేయకుండా వదిలేశారు. కుడివైపు కింది మూల మెత్తబడి గుడ్డపేలికలా వేలాడుతుంది, డబ్బు లెక్కపెట్టేవారి బొటనవేలు ఆనేది అక్కడే. దీనికి జత అయిన యాభై షెకెల్‌ల నోటు, అదీ చెలామణిలో తిరిగిందే, ఒకే మడతతో దాదాపు కొత్తగా ఉంది. నా దగ్గరున్న జతలన్నిటిలోనూ కాస్త అటూఇటూగా ఇదే తీరు: పెద్ద విలువ వేసిన లీరా నోటు నలిగి ఉంటుంది, చిన్న విలువ వేసిన షెకెల్ నోటు బిగుతుగా ఉంటుంది. మామూలుగా చిన్న నోట్లే ఎక్కువ నలుగుతాయి. ఇక్కడ ఆ నియమం తిరగబడింది, ఎందుకంటే లీరా నోట్లకు ఏళ్ళ తరబడి తిరిగే వ్యవధి దొరికింది. షెకెల్ నోట్లు నలగకముందే వాటి కొనుగోలు శక్తి హరించుకుపోయింది. 1980లో కూరగాయలకు పనికివచ్చిన ఒక షెకెల్ నోటు 1983కల్లా జేబులో మోయడానికే దండగ. ఈ తేడా కేటలాగులో రాదు. గ్రేడింగ్ సంస్థ ఇచ్చే అంకెలో అసలే రాదు. దాని దృష్టిలో మడత అంటే లోపం, అంతే.

ఇలా అంటే కేటలాగులను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. వెయ్యి షెకెల్‌ల మైమోనిడీస్ నోటు తొలి ముద్రణలో, నిలువుగా అచ్చయిన హీబ్రూ పంక్తిలో ఒక అక్షరం అసంపూర్ణంగా పడింది, తర్వాత సరిచేశారు. అటువంటివి తెలుసుకోవడానికి కేటలాగు కావాలి. దాని కోసం రెట్టింపు ధర పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. నేనైతే పెట్టను.

తెలుగువాడికి ఇజ్రాయెల్ నోట్లెందుకు అని అడిగేవారికి ఒక మాట. హైదరాబాదు సంస్థానానికి 1918 నుంచి సొంత కాగితపు నోట్లు ఉండేవి. వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉండేవి. ఏడు హాలి (సంస్థానపు) రూపాయలకు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయల లెక్కన మారకం. సంస్థానం పోయాక కూడా ఆ డబ్బు కొన్నాళ్ళు చెల్లి, 1959లో ఆగిపోయింది. ఒకే సంతలో రెండు రూపాయల లెక్క చూసిన తాతలు తెలంగాణ ఇళ్ళలో ఉండేవారు. ఆ నోట్లు ఇప్పుడు మనకు అందని ధరల్లో ఉన్నాయి కనుక, డబ్బు మారడాన్ని చేత్తో పట్టుకుని చూడాలనుకునేవాడు మరోచోట వెతుక్కోక తప్పదు. పైగా ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వెళ్ళినవారు తక్కువేమీ లేరు. మా పిన్ని కూతురు అలా వెళ్ళింది. తాను చూసుకునే పెద్దావిడ సొరుగు సర్దుతుంటే ఒక కవరులో హెర్జ్‌ల్‌లు దొరికాయని, “అన్నయ్యా, వీటిని చూసి ఆమె నవ్వింది, తీసుకో అంది, నీకు పనికొస్తాయా?” అని ఫోన్ చేసింది. అందులో లీరా హెర్జ్‌ల్‌లు రెండు, షెకెల్ హెర్జ్‌ల్ ఒకటి ఉన్నాయి. చెల్లుబాటు ఆగిపోయేలోపు మార్చుకోవడం మరిచిపోయిన డబ్బు అది. లీరా నోట్లకు గడువు 1984 మార్చితో, పాత షెకెల్ నోట్లకు 1986 సెప్టెంబరుతో ముగిసింది. అటువంటి కవర్లు అక్కడ ఇంకా ఎన్నో సొరుగుల్లో ఉండివుంటాయి.

భద్రపరచడం గురించి పొడిపొడిగా. మన దుకాణాల్లో దొరికే మెత్తటి పీవీసీ తొడుగుల్లో నోట్లు పెట్టకండి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం కాలక్రమంలో ఊరి, నోటుకు జిగటగా అంటుకుంటుంది. పాలియెస్టర్ తొడుగులు ఖరీదెక్కువైనా అవే వాడాలి. విశాఖ, కాకినాడ, బందరు వంటి తీరప్రాంతాల్లో ఉండేవారు తొడుగులో పెట్టి మరిచిపోకుండా వానాకాలం వెళ్ళాక ఒకసారి బయటికి తీసి గాలికి ఆరబెట్టడం మంచిది. తేమకు గోధుమరంగు చుక్కలు లేస్తాయి. మరొక్కటి: జతలను విడివిడి పేజీల్లో పెట్టకండి. కేటలాగు వరుస ప్రకారం మాంటిఫియోరీ లీరాకూ మాంటిఫియోరీ షెకెల్‌కూ మధ్య బోలెడు దూరం ఉంటుంది. ఆ వరుసను పాటిస్తే ఆల్బమ్ చక్కగానే ఉంటుంది, చెప్పవలసింది మాత్రం చెప్పదు. ఒకే పేజీలో పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి.

ఇక మిగిలింది షెకెల్ నోట్లలో జతలేని ఇద్దరి సంగతి. వెయ్యితో భాగిస్తే జబొటిన్‌స్కీ వంద షెకెల్‌లు పది అగోరాలు అవుతాయి, రోత్‌చైల్డ్ అయిదు వందలు అర కొత్త షెకెల్ అవుతాయి. రెండూ నాణెపు విలువలు, కాగితానికి తగవు. అయితే 1986లో అర కొత్త షెకెల్ నాణెం ఒకటి రోత్‌చైల్డ్ ముఖంతోనే చెలామణికి వచ్చింది. ఆ తర్వాత మిగతావారూ అదే దారి పట్టారు: 1988లో మైమోనిడీస్ ముఖంతో ఒక కొత్త షెకెల్, 1990లో ఎష్కోల్ ముఖంతో అయిదు, 1995లో గోల్డా మేయిర్ ముఖంతో పది. అంటే 1984లో పది వేల కాగితంగా మొదలైన గోల్డా మేయిర్ పదకొండేళ్ళలో పది నోటై, పది నాణెమైంది; ఆ మూడూ ఒకచోట ఉంటే జత కాస్తా ముక్కోణమవుతుంది. ఆల్బమ్‌లో నోట్ల పేజీకి నాణెం తొడుగు కుట్టడం కొంచెం తలనొప్పి పని. మందం సరిపోక పేజీ వంగుతుంది, ఎదుటి పేజీలోని నోటు మీద నాణెం అచ్చు పడుతుంది. నేను ఆ నాణేలను విడిగా చిన్న అట్టపెట్టెలో పెట్టి, పేజీలో వాటి చోటు ఖాళీగా వదిలేశాను. జబొటిన్‌స్కీ నోటుకు మాత్రం ఇప్పటికీ పక్కన పెట్టడానికి ఏమీ లేదు, ఒక్కటే ఉంది.